అంబాసిడర్ మార్క్ 3: ఎస్‌యూ కార్బురేటర్ ఓవర్‌ఫ్లో, నల్లపొగ, ఎండలో రీస్టార్ట్ అవ్వట్లేదు

గోదారిగట్టు_మార్క్3

అందరికీ నమస్కారమండీ. బండి అంబాసిడర్ మార్క్ 3, 1977 మోడల్, 1489 సీసీ పెట్రోలు. పాత ఎస్‌యూ కంపెనీ కార్బురేటరే (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపేది) ఉంది, పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నె పక్కన, అడుగున సన్న నైలాన్ పైపు ఉన్న రకం. ఇంజన్ మీద మెకానికల్ పంపు. ఇబ్బందులు ఇవి:

పొద్దున చోక్ లాగితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. వేడెక్కాక చోక్ పూర్తిగా లోపలికి నెట్టేసినా సైలెన్సర్‌లోంచి నల్లపొగ, ఐడిలింగ్ ఊగుతూ ఉంటుంది.

ఫ్లోట్ గిన్నె మూత దగ్గరున్న ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి అప్పుడప్పుడు పెట్రోలు చుక్కలు పడుతున్నాయి.

థర్డ్ గేర్‌లో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే బండి క్షణంపాటు చచ్చినట్టయి, కార్బురేటర్లోంచి ఫట్‌మని తుమ్మి, అప్పుడు లాగుతుంది.

మధ్యాహ్నం ఎండలో పావుగంట ఆపితే మళ్ళీ స్టార్ట్ అవ్వదు. అరగంట పైన ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది.

ప్లగ్గులు నాలుగూ నల్లటి పొడి మసితో ఉన్నాయి. పాయింట్లు, కండెన్సర్ కొత్తవి. మిక్చర్ నట్టు (గాలిలో పెట్రోలు పాలు ఎక్కువ తక్కువ చేసేది) ఇప్పటికే అటూ ఇటూ తిప్పేశారు, అసలు ఎక్కడుండేదో తెలియదు. ఇది పీకేసి మారుతి కార్బురేటర్ వేయించేయండి, గొడవ వదిలిపోతుంది అంటున్నాడు మెకానిక్. వేయించాలా, దీన్నే బాగు చేయించుకోవచ్చా?

---

డాష్‌పాట్

పీకించకండి. ఎస్‌యూలో అరిగేవి సూది, ఆ సూది దిగే రంధ్రమున్న జెట్ (పెట్రోలు వచ్చేది ఇందులోంచే), ఫ్లోట్ వాల్వు, థ్రాటిల్ కడ్డీ. అంతకు మించి చెడడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. మారుతి 800 ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. దాని లోపలి దారులు, జెట్లు ఆ గాలికి కొలిచి పెట్టినవి. 1489 సీసీకి బిగిస్తే స్లోలో బాగానే తిరుగుతుంది, హైవే ఎక్కాక ఊపిరాడదు. పైగా మధ్యలో వేసే అడాప్టర్ ప్లేటు దగ్గర గాలి లీకు అదనం.

మీరు రాసినవి ఒకే జబ్బు కాదు. నల్లపొగ, చుక్కలు పడడం ఒక జట్టు. తొక్కితే తుమ్మడం వేరే సంగతి. ఎండలో మొరాయించడం ఇంకొకటి. అన్నిటికీ మందు మిక్చర్ నట్టే అనుకుని తిప్పడం వల్లే ఇవి కలగాపులగమయ్యాయి. ఆ నట్టు ముట్టుకోవడం అన్నిటికన్నా చివరి పని.

ముందు ఇగ్నిషన్ ఒకసారి కొలవండి, కొత్తవి వేసినా సరే. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్ గ్యాప్ 0.6 దగ్గర, ట్యాపెట్ల (వాల్వుల దగ్గరి) సందు 0.38. నాలుగు ప్లగ్గులకూ ఒకేలా పొడి మసి అంటే తప్పు చాలావరకు కార్బురేటర్‌దే. ఒక్క ప్లగ్గే నల్లగా ఉంటే ఆ సిలిండర్ వైరో, ప్లగ్గో చూడాలి. మసి జిడ్డుగా తడిగా ఉంటే అది ఆయిల్, రింగుల పని. ఈ ఇంజన్లో ఇంకో కిటుకు ఉంది. ఇన్‌లెట్ దారులు రెండే, ఒకటి 1, 2 సిలిండర్లకు, రెండోది 3, 4కు. కాబట్టి ఎప్పుడైనా ఒక జంట ప్లగ్గులు తెల్లగా, ఇంకో జంట మామూలుగా కనిపిస్తే నేరుగా ఇన్‌లెట్ మ్యానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు వెళ్ళే గొట్టం) ప్యాకింగ్ దగ్గరికి వెళ్ళండి, తెల్లబడ్డ వైపు గాలి పీలుస్తోందని అర్థం.

ఇక ఫ్లోట్ గిన్నె. ఇంజన్ స్టార్టింగ్‌లో ఉండి చుక్కలు పడుతున్నప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో మూత మీద మెల్లగా తట్టండి. చుక్కలు ఆగితే వాల్వు కింద నలుసు అడ్డం పడింది, లేదా సూది పట్టేస్తోంది. ఆగకపోతే మూత విప్పాలి. విప్పే ముందు బ్యాటరీ ఎర్త్ తీసేయండి. ఆ ఓవర్‌ఫ్లో గొట్టం ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద కారకుండా కింద దాకా దిగి ఉందో లేదో కూడా చూడండి. దాని గురించి ఎవరూ పట్టించుకోరు గానీ బానెట్ కింద మంటలు మొదలయ్యేది అక్కడే.

మూత తీశాక ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వస్తే చిల్లు పడింది, అతికించే పని పెట్టుకోకండి, మార్చండి. వాల్వు సూది మొన చుట్టూ గోటికి తగిలే గీత పడి ఉంటే సూది, సీటు రెండూ కలిపి మార్చాలి. కొత్త సూది పాత సీటు మీద కూర్చోదు. తర్వాత మూతను తలకిందులు చేసి పట్టుకోండి. ఫ్లోట్ బరువుకే వాల్వు మూసుకోవాలి. పెట్రోలు వచ్చే గొట్టానికి ఒక రబ్బరు ట్యూబు తగిలించి నోటితో ఊదండి, గాలి అస్సలు పోకూడదు. ఫ్లోట్ పైకెత్తితే మాత్రం ధారాళంగా పోవాలి.

మూత అలాగే తలకిందులుగా ఉండగానే లెవెల్ కొలవాలి. ఫ్లోట్ కాడకూ మూత అంచుకూ మధ్య సందు 3.2 నుంచి 4.8 మిల్లీమీటర్లు. కొలవడానికి మూడు మిల్లీమీటర్ల చిల్లరలో ఉన్న డ్రిల్ బిట్ చాలు, అడ్డంగా పెడితే ఒరుసుకుంటూ జారాలి. సందు ఇంతకన్నా తక్కువైతే గిన్నెలో పెట్రోలు మరీ ఎత్తున నిలుస్తుంది. అప్పుడు జెట్‌లోంచి దానంతటదే పొంగి గొంతులోకి కారుతుంది, మీరు మిక్చర్ ఎంత తగ్గించినా నల్లపొగ పోదు. ఇనప కాడ అయితే మెల్లగా వంచి సరిచేయండి, సూదికి ఆనే చోట మాత్రం వంచకూడదు. కాడ కూడా నైలానే అయితే వంచడానికి లేదు, వాల్వు సీటు కింద వాచర్ వేసి సరిచేయాలి.

పంపు మార్చారా ఎప్పుడైనా? ఈ వాల్వులు రెండు మూడు పీఎస్‌ఐ ఒత్తిడికి చేసినవి. మెకానికల్ పంపు అంతకు మించి ఇవ్వదు. ఇంజెక్షన్ కార్లలోని ఎలక్ట్రిక్ పంపు 40 పీఎస్‌ఐ పైనే తోస్తుంది, దాని ముందు ఏ ఫ్లోట్ వాల్వూ ఆగదు. మీది మెకానికల్ పంపే అంటున్నారు కాబట్టి దీన్ని పక్కన పెట్టేయొచ్చు.

నల్లపొగకు రెండో అనుమానితుడు చోక్. ఎస్‌యూలో చోక్ అంటే గాలికి అడ్డంపడే రేకు కాదు. మీరు నాబ్ లాగితే అడుగున జెట్టే కిందికి దిగుతుంది, సూది చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. నాబ్ నెట్టేసినా జెట్ పూర్తిగా పైకి రాకపోతే బండి రోజంతా సగం చోక్‌తో నడుస్తున్నట్టే. కార్బురేటర్ అడుగున వేలు పెట్టి జెట్ తలను పైకి నొక్కి చూడండి. అది కాస్తైనా పైకి కదిలితే దొరికినట్టే. చోక్ కేబుల్‌కు నాబ్ దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ కదలిక ఉండాలి. బిర్రుగా ఉంటే కేబుల్ వదులు చేయండి. కేబుల్ బాగానే ఉన్నా జెట్ పట్టేస్తుంటే దించి, పెట్రోలుతో తుడిచి, కాస్త ఆయిల్ రాయండి.

తొక్కితే తుమ్మడానికి కారణం దాదాపు ఖాయంగా డాష్‌పాట్‌లో ఆయిల్ లేకపోవడం. కార్బురేటర్ నెత్తిన ఉన్న మూత మరను చేత్తో విప్పితే సన్న కడ్డీ బయటికొస్తుంది, దాని చివర చిన్న ఇత్తడి పిస్టన్. కింద బోలు గొట్టంలో ఆయిల్ ఉండాలి. ఒక్కసారిగా తొక్కినప్పుడు సూదిని మోసే లోపలి పెద్ద పిస్టన్ ఎగిరిపోకుండా ఆ ఆయిలే ఆపుతుంది. అది లేకపోతే పిస్టన్ చటుక్కున లేస్తుంది, గాలి ముందు దూరుతుంది, పెట్రోలు వెనకబడుతుంది. ఆ పలచటి మిక్చర్‌కే తుమ్ము. బోలు గొట్టం అంచు కన్నా 13 మిల్లీమీటర్లు పైకి వచ్చేదాకా ఎస్ఏఈ 20 ఇంజన్ ఆయిల్ పోయండి. కడ్డీ తిరిగి దింపుతుంటే చేతికి మెత్తటి అడ్డు తగలాలి.

ఆయిల్ పోసే ముందే ఇంకో పని. ఎయిర్ ఫిల్టర్ తీసి పెద్ద పిస్టన్‌ను వేలితో పైకి ఎత్తి వదలండి. నున్నగా దిగి అడుగున టక్‌మని లోహం చప్పుడు చేయాలి. ఆ టక్ వినబడిందో లేదో, జెట్ పైకి కదిలిందో లేదో ఇక్కడ రాయండి. మిగతాది దాన్నిబట్టి చెప్తాను.

---

ఆటోనగర్_స్పానర్

డాష్‌పాట్ గారు మిగతాదంతా చెప్పేశారు, ఎండ సంగతి నేను చెప్తా.

ఈ ఇంజన్లో కార్బురేటర్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్క. నడుస్తున్నప్పుడు ఫ్యాన్ గాలి, లోపలికొచ్చే చల్లటి పెట్రోలు కలిసి వేడిని ఓర్చుకుంటాయి. ఆపగానే ఆ రెండూ ఆగుతాయి, మ్యానిఫోల్డ్ వేడి మొత్తం పైకి లేస్తుంది. అక్కణ్ణుంచి రెండు రకాలుగా జరగొచ్చు, మందు వేరువేరు.

మొదటిది, గిన్నెలో పెట్రోలు మరిగి జెట్‌లోంచి పొంగి మ్యానిఫోల్డ్‌లోకి కారడం. ఇంజన్ మునిగిపోతుంది. రెండోది, పంపులోనో పైపులోనో పెట్రోలు ఆవిరై గాలి బుడగ అడ్డం పడడం. అప్పుడు గిన్నెకు పెట్రోలే రాదు.

ఏదో తేల్చుకోవడం తేలిక. స్టార్ట్ అవ్వనప్పుడు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే లావు వైరు తీసి బాడీకి ఎర్త్ చేయండి. కార్బురేటర్ దగ్గర పెట్రోలు పైపు విప్పి, కొసను ఒక సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ఇంజన్ ప్రతి రెండు చుట్లకూ ఒకసారి చిమ్మాలి. బలంగా చిమ్మితే ఇంజన్ మునిగింది. ఉత్త గాలి, నురగ వస్తే పైపులో ఆవిరి.

మునిగితే చోక్ ముట్టుకోకండి. యాక్సిలరేటర్‌ను నేలకు అదిమి అలాగే పట్టి సెల్ఫ్ కొట్టండి, గాలి ఎక్కువ దూరి తడి ఆరిపోయి అందుకుంటుంది. చాలామంది ఇక్కడ పెడల్‌ను టపటపా తొక్కుతారు. సోలెక్స్ రకం కార్బురేటర్లో పెడల్‌తో పనిచేసే చిన్న పంపు ఉంటుంది కాబట్టి తొక్కినప్పుడల్లా పెట్రోలు చిమ్ముతుంది, ఎస్‌యూలో ఆ పంపే లేదు. ఎంత తొక్కినా కాలు నొప్పి తప్ప ఏం రాదు.

ఆవిరైతే పంపు మీద, పైపు మీద తడిగుడ్డ కప్పి అయిదు నిమిషాలు ఆగండి.

శాశ్వతంగా కావాలంటే కార్బురేటర్‌కూ మ్యానిఫోల్డ్‌కూ మధ్య దళసరి ఇన్సులేటర్ దిమ్మ, దానికి రెండు పక్కలా ప్యాకింగులు ఉన్నాయేమో చూడండి. ఎప్పుడో విప్పినప్పుడు దిమ్మ పగిలితే తీసి పారేసి వట్టి ప్యాకింగ్‌తో బిగించిన బండ్లు బోలెడు. వేడిని అడ్డే రేకు ఉండాల్సిన చోట ఉందా? పెట్రోలు పైపు ఎగ్జాస్ట్‌కు ఆని పోతోందా? నాలుగు వేళ్ళ ఎడమైనా ఉండేలా మళ్ళించండి. మరీ ఎండల్లో ఆపాక బానెట్ ఎత్తి ఉంచితే సగం గొడవ ఉండదు.

మీకు ఫ్లోట్ లెవెల్ ఎక్కువుంటే ఈ మునగడం ఇంకా ఎక్కువవుతుంది, అంచుదాకా నిండిన గిన్నెలో కాస్త వేడికే పొంగుతుంది. కాబట్టి ముందు ఆ లెవెల్ చేసి, తర్వాత ఎండ పరీక్ష చేయండి.

---

పుత్లీబౌలి_పార్ట్స్

డాష్‌పాట్ ఆయిల్ గురించి ఒక్క మాట. ఎస్ఏఈ 20 ఇప్పుడు విడిగా దొరకడం కష్టం. మన ఎండలకు ఇంజన్లో పోసే 20డబ్ల్యూ-50 పోసినా పని జరుగుతుంది. 90 నంబర్ గేర్ ఆయిల్ మాత్రం వద్దు, తొక్కినప్పుడు పిస్టన్ లేవడానికి బద్ధకిస్తుంది, నల్లపొగ తన్నుతుంది. కుట్టు మిషన్ ఆయిల్ పోస్తే నీళ్ళలా ఉండి అడ్డమే తగలదు, తుమ్ము అలాగే ఉంటుంది.

కిట్ కొనేటప్పుడు ప్యాకింగులు, ఫ్లోట్ వాల్వు, జెట్ కలిసి వస్తాయి, సూది తరచూ రాదు. సూది మెడ మీద అక్షరాలు చెక్కి ఉంటాయి. పాతదాని మీద ఏముందో అదే అడగండి. "అంబాసిడర్ సూది" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు.

---

డాష్‌పాట్

20డబ్ల్యూ-50తో కాస్త మందంగా అనిపిస్తుంది, ముఖ్యంగా చలికాలం పొద్దున పూట. కానీ ఆయిలే లేకుండా తిరగడం కన్నా వెయ్యి రెట్లు నయం, కాబట్టి దీని మీద గొడవ పడను. ఏది పోసినా నిండా పోయకండి, ఎక్కువైంది ఎలాగూ ఇంజన్లోకే పోతుంది.

---

గోదారిగట్టు_మార్క్3

అన్నీ చూశానండీ. జెట్ తల పైకి నొక్కితే కదిలింది, చోక్ కేబుల్ బిర్రుగా ఉంది, వదులు చేశాను. డాష్‌పాట్ ఎండిపోయి ఉంది, ఆయిల్ పోశాక తుమ్ము పోయింది. ఫ్లోట్ సందు రెండు మిల్లీమీటర్లే ఉంది, 3.5 చేశాక చుక్కలు ఆగాయి. ఇన్సులేటర్ దిమ్మ ఉంది గానీ రేకు లేదు.

నల్లపొగ తగ్గింది, పూర్తిగా పోలేదు. మిక్చర్ నట్టు మొత్తం పైకి బిగించినా ఇంకా రిచ్‌గానే (పెట్రోలు పాలు ఎక్కువగానే) ఉన్నట్టుంది. పిస్టన్ వదిలితే దిగుతుంది కానీ టక్ చప్పుడు లేదు, చివర్లో మెత్తగా ఆగిపోతోంది.

---

డాష్‌పాట్

నట్టు పైకంటా బిగించినా రిచ్, పైగా టక్ లేదు. రెండూ ఒకే మాట చెప్తున్నాయి: సూది జెట్ మధ్యలో లేదు, ఒక పక్కకు ఒరుసుకుని దాన్ని అరగదీసింది. జెట్ రంధ్రం 0.090 అంగుళం. సూది లావుపాటి చోట 0.089 దగ్గర ఉంటుంది. ఐడిలింగ్‌లో పెట్రోలు వచ్చేది ఆ వెయ్యోవంతు అంగుళం తేడాలోంచే. జెట్ రంధ్రం కోలగా అరిగితే ఆ సందు రెట్టింపైనా అవుతుంది, నట్టుతో దాన్ని సరిచేయలేం.

విప్పే ముందు పై గుండ్రటి గిన్నెకూ బాడీకీ కలిపి ఒక గీత గీసుకోండి, మళ్ళీ అదే వాటంలో కూర్చోవాలి. గిన్నెను నిటారుగా ఎత్తండి, పక్కకు లాగితే సూది వంగుతుంది. గిన్నె, పిస్టన్ ఫ్యాక్టరీలో జతగా చేసినవి, ఇంకో కార్బురేటర్ పిస్టన్ ఇందులో వేస్తే పట్టేస్తుంది. రెండింటినీ పెట్రోలుతోనో థిన్నర్‌తోనో గుడ్డతో తుడవండి, ఎమెరీ కాగితం దగ్గరికి రానివ్వకండి. పిస్టన్ పక్కలకు ఆయిల్ రాయకూడదు, దుమ్ము పట్టి ఇరుక్కుంటుంది. మధ్య కడ్డీకి ఒక్క చుక్క చాలు.

సూదిని వెలుతురుకు పెట్టి తిప్పుతూ చూడండి. ఒక పక్కే మెరుస్తూ చదునుగా ఉంటే ఒరిసినట్టే. సూది, జెట్ రెండూ కొత్తవి వేయండి. కొత్త సూది భుజం పిస్టన్ అడుగు మట్టంతో సమంగా ఉండాలి, లోపలికి దిగకూడదు, బయటికి పొడుచుకు రాకూడదు. పక్క మరతో బిగించండి.

ఇప్పుడు జెట్‌ను మధ్యకు తేవాలి. చోక్ లింకు జెట్ తల నుంచి విప్పండి. నైలాన్ పైపును ఫ్లోట్ గిన్నె దగ్గర విప్పి జెట్‌ను కిందికి లాగేయండి. మిక్చర్ నట్టు, దాని స్ప్రింగు తీసేయండి. స్ప్రింగు లేకుండా నట్టు ఒక్కటే మళ్ళీ ఎక్కించి పైకంటా తిప్పి, జెట్ దూర్చండి. దానిపైన పెద్ద లాక్ నట్టు ఉంటుంది. జెట్ కూర్చునే ఇత్తడి బుష్ వేళ్ళతో తిరిగేంత వరకే దాన్ని వదులు చేయండి. డాష్‌పాట్ కడ్డీ తీసేసి, ఆ రంధ్రంలోంచి పెన్సిల్‌తో పిస్టన్‌ను అడుగుకంటా మెల్లగా నొక్కి పట్టుకోండి. సూదే బుష్‌ను తన చుట్టూ సర్దుకుంటుంది. పిస్టన్ కిందికి, జెట్ పైకి నొక్కి ఉంచుతూనే లాక్ నట్టు బిగించండి. మూడో చెయ్యి కావాలి, పక్కన ఎవరినైనా పెట్టుకోండి.

బిగించాక పిస్టన్ ఎత్తి వదలండి, టక్ రావాలి. తర్వాత జెట్‌ను కిందికి లాగి పెట్టి, పిస్టన్‌ను మళ్ళీ ఎత్తి వదలండి. రెండుసార్లూ చప్పుడు ఒకేలా ఉండాలి. జెట్ కిందికి ఉన్నప్పుడే టక్ గట్టిగా వస్తే ఇంకా మధ్యకు రాలేదు, మళ్ళీ మొదటినుంచి. బిగించేటప్పుడు బుష్ కాస్త తిరిగి పక్కకు పోవడం మామూలే, ఒకటికి రెండుసార్లు పడుతుంది. ఒకవేళ మీ సూది స్ప్రింగుతో ఒక పక్కకు ఒరిగి ఊగే రకమైతే ఈ పనంతా అక్కర్లేదు, అది జెట్‌కు ఆనేట్టే చేశారు.

స్ప్రింగు, నట్టు తిరిగి వేసి నైలాన్ పైపు బిగించేటప్పుడు రబ్బరు సీలులోంచి పైపు కొస కనీసం 4.8 మిల్లీమీటర్లు బయటికి వచ్చి ఉండాలి. తక్కువైతే కొన్నాళ్ళకు జారి చెమ్మ మొదలవుతుంది. సీలు గట్టిపడి ఉంటే మార్చేయండి.

అప్పుడు ట్యూనింగ్. నట్టు పైకంటా తిప్పి, అక్కణ్ణుంచి రెండు పూర్తి చుట్లు, అంటే 12 పలకలు, కిందికి దించండి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. థ్రాటిల్ మర ఆనీ ఆననట్టు తెచ్చి ఒకటిన్నర చుట్టు బిగించండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి. నట్టును ఒక్కో పలకే తిప్పాలి. పైకి తిప్పితే పలచన, కిందికి తిప్పితే రిచ్. తిప్పిన ప్రతిసారీ జెట్ తలను పైకి నొక్కి అది నట్టుకు ఆనిందని చూసుకోండి. ఇంజన్ ఎక్కువ వేగంగా, నిలకడగా తిరిగే చోట ఆగండి.

ఇప్పుడు పక్కనున్న లిఫ్టింగ్ పిన్నుతో పిస్టన్‌ను మిల్లీమీటరు లోపే ఎత్తండి. వేగం పెరిగి పెరిగినట్టే ఉంటే రిచ్. వెంటనే పడిపోతే పలచన. కొంచెం పెరిగినట్టయి మళ్ళీ మామూలుకొస్తే సరిగ్గా ఉంది. పిన్ను లేకపోతే సన్న స్క్రూడ్రైవర్ కొసతో చేయొచ్చు, మరీ ఎక్కువ ఎత్తితే ఏ ఇంజనైనా ఆగిపోతుంది, దాన్ని చూసి పలచన అనుకోవద్దు. మూడు నిమిషాల్లో తేలకపోతే ఒక అర నిమిషం 2500 ఆర్‌పీఎం దగ్గర రేస్ చేసి మళ్ళీ మొదలుపెట్టండి, స్లోలో ఎక్కువసేపు వదిలితే మ్యానిఫోల్డ్‌లో తడి చేరి లెక్క తప్పుతుంది.

ఇంత చేశాక కూడా ఐడిలింగ్ నిలవకుండా ఊగుతుంటే థ్రాటిల్ కడ్డీ రెండు కొసల దగ్గర చూడాలి. చేత్తో పట్టి పైకీ కిందికీ ఊపితే ఆట తగులుతుంది. ఇంజన్ స్లోలో ఉండగా ఆ కొసల మీద కుంచెతో పలచటి ఆయిల్ రాయండి. క్షణంపాటు ఐడిలింగ్ మారితే గాలి అక్కణ్ణుంచే. కొంతమంది దీనికి కార్బ్ క్లీనర్ కొడతారు, వేడి ఎగ్జాస్ట్ పక్కనే అది కొట్టడం నాకు నచ్చదు. కడ్డీ మారిస్తే చాలాసార్లు సరిపోతుంది, బాడీ రంధ్రాలే అరిగితే లేత్ మీద బుష్ వేయించాలి.

---

ఈ20_బాధితుడు

ట్యూనింగ్ చేసేముందు పెట్రోలు గురించి కూడా ఆలోచించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపింది. కిలో మామూలు పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. కలిపితే 13.5 దగ్గర తేలుతుంది. అంటే పాత పుస్తకం సెట్టింగ్‌తో ఉన్న కార్బురేటర్ ఈ పెట్రోలుతో ఏడెనిమిది శాతం పలచనగా నడుస్తుంది. మీ బండి ఇన్నాళ్ళూ రిచ్‌గా ఉండడం వల్ల అది బయటపడలేదు. జెట్, సూది మార్చాక బయటపడుతుంది. పిన్ను పరీక్షలో సరిగ్గా వచ్చిన చోటు నుంచి ఇంకో పలక కిందికి దించి, హైవేలో పది కిలోమీటర్లు లాగి, వేగంలోనే క్లచ్ నొక్కి ఇగ్నిషన్ ఆపేసి, రోడ్డు పక్కన ఆగాక ప్లగ్గులు చూడండి. లేత గోధుమ రంగు ఉంటే వదిలేయండి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఇంకో పలక. స్లోలో బాగుండి హైవేలో మాత్రమే తెల్లబడుతుంటే నట్టు చాలదు, కాస్త సన్నటి సూది వెతకాలి.

రబ్బరు పైపులు కూడా. పాత రకం రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బి లోపల పొరలు పొరలుగా ఊడుతుంది, ఆ తునకలే వెళ్ళి ఫ్లోట్ వాల్వు కింద కూర్చుంటాయి. ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న పైపు వేయండి. ట్యాంకులో ఏళ్ళ తరబడి అంటుకున్న జిగటనూ ఇథనాల్ కరిగించి తెస్తుంది, కాబట్టి ట్యాంకుకూ పంపుకూ మధ్య పారదర్శకంగా ఉండే ఫిల్టర్ పెట్టి మొదటి నెలంతా కన్నేసి ఉంచండి. బండి నెలలు కదలకుండా ఉంటే గాలిలో తేమను పీల్చుకుని, ఒక మోతాదు దాటాక నీళ్ళు ఇథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి. అది ఫ్లోట్ గిన్నెలోకి వస్తే ఇంజన్ మిస్సింగ్ కొడుతుంది, అల్యూమినియం మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. ఎక్కువ రోజులు ఆపేటట్టుంటే గిన్నె ఖాళీ చేసి ఉంచండి.

---

గోదారిగట్టు_మార్క్3

పాత సూది మీద అక్షరాలు అరిగిపోయాయి, భూతద్దంతో చూసినా కనపడట్లేదు. ఏ సూది అని అడగాలి?

---

పుత్లీబౌలి_పార్ట్స్

మైక్రోమీటర్ ఉన్న లేత్ షాపుకు తీసుకెళ్ళండి. ఎస్‌యూ సూదులకు భుజం దగ్గర్నుంచి మొన వైపు ప్రతి 3.2 మిల్లీమీటర్లకూ ఒక లావు కొలత పట్టికలో రాసి ఉంటుంది, అంగుళాల్లో. ఒరిసిన పక్కను వదిలి అరగని పక్కల మీద తీయించండి. ఆ వరుస రాసుకొస్తే ఎస్‌యూ సూదుల పట్టికలో పెట్టి పోల్చుకోవచ్చు. ఐడిలింగ్ దగ్గరి మొదటి రెండు మూడు కొలతలు బాగా అరిగి ఉంటాయి, వాటిని నమ్మొద్దు, మధ్య నుంచి మొన దాకా ఉన్నవే చూడండి. కొలతలు ఇక్కడ పెట్టండి, పట్టిక నా దగ్గరుంది.